మూడు బీప్‌ల ఫోను

ఫోను కంపెనీ చేసిన తప్పును దేవుడు మంచికి వాడుకుంటాడా? పెళ్ళయినప్పటి నుంచి నన్ను వదలని సందేహం ఇది. మా చర్చి ఫాదర్‌ని అడిగితే నవ్వి, "నీ భార్యనే అడుగు గాడ్విన్" అన్నారు. ఆమెను అడిగితే, "తప్పు కంపెనీది కాదు, సిమ్ అమ్మిన నీది" అంటుంది.

కోలార్ బంగారు గనుల దగ్గరి రాబర్ట్‌సన్‌పేటలో నాది చిన్న రీచార్జ్ కొట్టు. ఆమె మొదటిసారి వచ్చిన రోజు వాన. గొడుగు మూయకుండానే ఫోను బల్ల మీద పెట్టింది.

"ఈ సిమ్ ఇచ్చింది మీరే కదా?"

"నేనే. ఏమైందమ్మా?"

"మా నాయన ప్రాణం తీసేట్టుండాది."

అప్పుడే ఫోను టింగ్, టింగ్, టింగ్ అంది. తెర నిండా ప్రకటన: మీ జాతకం తెలుసుకోండి, ఓకే నొక్కండి.

ఆమె పేరు డయానా. రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళి ఒక కంటి ఆసుపత్రిలో పని చేసి రాత్రికి ఇల్లు చేరుతుంది. తండ్రి ప్రేమరాజు గారు బంగారు గని మూతపడేదాకా మనుషులు గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గర గంట కొట్టే మనిషి. ఆ గంట మూడుసార్లు మోగితే మనుషులు పైకి వస్తున్నారని అర్థం. తండ్రీకూతుళ్ళు అదే లెక్కను మిస్డ్ కాల్‌కు పెట్టుకున్నారు. రైలు దిగేముందు ఆమె మూడు రింగులు ఇస్తే, ఆయన టార్చి పట్టుకుని స్టేషన్‌కు వస్తారు. ఇప్పుడు ప్రకటన మోగినప్పుడల్లా లేచి వెళ్తున్నారు. గని దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో గంటల తరబడి చలిలో కూర్చుంటున్నారు.

"మూడు బదులు ఐదు పెట్టుకోండి" అన్నాను తేలిగ్గా.

"తలలో ఏముండాదప్పా మీకు? ముప్పై ఏండ్లు మూడుకు కదిలిన కాళ్ళు రేపట్నుంచి ఐదుకు కదలమంటే వింటాయా?"

"సైలెంట్‌లో పెడితే?"

"అప్పుడు నా కాల్ యాడ వినిపిస్తాది? ఉపాయాలొద్దు. ఆపించండి."

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. వారం ఆగమన్నారు. ఆగాం. బయటి వాళ్ళ ప్రకటనలు ఆగాయి. కంపెనీ సొంతంగా పంపేవి ఆగలేదు. ఫిర్యాదు పెడితే, పరిష్కరించామని మెసేజ్ వచ్చింది. దాని వెనకే టింగ్, టింగ్, టింగ్.

రోజూ రైలు దిగి, తండ్రిని ఇంట్లో దింపి డయానా కొట్టుకు వచ్చేది.

"ఇంగా మీ కంపెనీ నిద్ర లేవలేదా?"

"లేచిందండీ. ముఖం కడుక్కుంటాంది."

ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి నాకు పట్టుదల రెండింతలైంది. ఎందుకో ఆమెకు చెప్పలేదు.

ఒకరోజు జోరువానలో మా ఊరి ఛాంపియన్ రైల్వే స్టేషన్ పక్కగా వెళ్తుంటే ప్రేమరాజు గారు కనబడ్డారు. తడిసి ముద్దయి, దగ్గుతూ ఉన్నారు.

"అప్పా, రైలుకు ఇంగా శానా టైముండాది. ఇంటికి పోదాం రాండి."

"మూడు మోగినాది నాయనా. మనుషులు పైకొస్తుండారు. వదిలేసి యాడికి పోయేది?"

నా కోటు ఆయనకు కప్పి పక్కనే కూర్చున్నాను. రైలు దిగిన డయానా మా ఇద్దరినీ చూసి కళ్ళు తుడుచుకుంది. "రేపు లీవు పెడతాను. కోలార్‌లో కంపెనీ ఆఫీసుకు పోదాం" అంది.

అక్కడి మేనేజర్ తల కూడా ఎత్తలేదు. "ఒక్క నెంబర్ కోసం సిస్టమ్ మార్చలేమమ్మా."

డయానా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మార్చేదాకా ఈడే ఉంటాను సార్. మా నాయన వానలో కూర్చున్నాడు. నేను ఫ్యాన్ కింద కూర్చోలేనా?"

మేనేజర్ నా వైపు తిరిగాడు. "డీలర్ కదా, నచ్చచెప్పి తీసుకెళ్ళు. లేకుంటే నీ కొట్టుకు సప్లై ఆపేస్తాను."

ఆ కొట్టే నాకు అన్నం పెట్టేది. జేబులోని జపమాలను ఒకసారి తడిమి, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాను. డయానా నా వైపు చూసిన ఆ చూపు ముందు సప్లై ఎంత!

క్యాసంబళ్ళి పల్లె నుంచి బిల్లు కట్టడానికి వచ్చిన లక్ష్మీదేవమ్మ సంగతి విని మా పక్కన చేరింది. "నాదీ ఆపప్పా. అది మోగితే పాలు పిండేటప్పుడు ఆవు తంతాంది." ఆమె వెనక ఇంకొకరు. మధ్యాహ్నానికి కుర్చీలు చాలలేదు. మేనేజర్ బెంగళూరుకు ఫోన్ చేశాడు. ప్రకటన సేవలన్నీ నిలిపివేశామని మెసేజ్ వచ్చింది.

బస్టాండులో ఫోను మా ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టి చూస్తూ కూర్చున్నాం. మోగలేదు.

"ఇంగ నువ్వు కొట్టుకు రావు కదా" అన్నాను.

"రీచార్జ్ చేసుకోవద్దా?"

"అది నెలకొకసారే."

"రోజూ కొంచెం కొంచెం చేసుకుంటాను. జీవితమంతా. నీకేమైనా కష్టమా?"

తల అడ్డంగా ఊపాను.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళి డయానాను ఇమ్మని అడిగాను. ప్రేమరాజు గారు మా నాయన పేరు అడిగారు. జ్ఞానప్రకాశం అన్నాను. ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు.

"డయానా పుట్టిన రోజు నన్ను ఆసుపత్రికి తరిమి, గనిలో నా షిఫ్టు కూడా మీ నాయనే నిలబడినాడు. ఆయన షిఫ్టు నేను తిరిగి నిలబడదామంటే మనిషి పోయినాడు. తర్వాత గనీ మూసేసినారు. ఇంగ ఆ బాకీ యాడ తీర్చేది?"

మరునాడు పెళ్ళి మాటలకు ఫాదర్ మమ్మల్ని రమ్మన్నారు. తెల్లారేసరికి ప్రేమరాజు గారు ఇస్త్రీ చేసిన గని నాటి ఖాకీ చొక్కా వేసుకుని నా కొట్టు ముందున్నారు.

"మీరిద్దరూ పోయి రాండి. ఈ పూట ఈడ నాది."

మేం మధ్యాహ్నానికే తిరిగి వచ్చాం. ఆయన స్టూలు దిగలేదు. "సగం షిఫ్టుకు బాకీ తీరదప్పా" అని నన్ను గుమ్మం బయటే నిలబెట్టారు. చివరి మనిషికి రీచార్జ్ చేసి పంపాక లేచి, తాళం నా చేతిలో పెట్టారు.

"ఈ రాత్రి ప్రార్థనలో మీ నాయనకు చెప్పు. ప్రేమరాజు షిఫ్టు నిలబడినాడని."