ఏడో డబ్బా దోమలు

"ఆ అమ్మాయి మనల్ని అమ్మేసింది సేనో." చీఫ్ హర్సోయో ఫొటో ముందుకు తోశాడు. "పదింటికి దోమల్ని వదుల్తారు. ఈలోగా పట్టుకో."

ఫొటోలో అయుంద. దోమల మందు అమ్ముకునే విదేశీ ముఠాలోకి డిపార్ట్‌మెంట్ పంపిన డబుల్ ఏజెంట్.

ఇండోనేషియా నగరం జోగ్జాలో డెంగీ తగ్గించే పథకం కింద వదిలే దోమలకి ఒక బ్యాక్టీరియా ఎక్కిస్తారు. అది ఉంటే వాటి ఒంట్లో డెంగీ వైరస్ పెరగదు. ఊళ్లో జ్వరాలు తగ్గితే ముఠా వ్యాపారం మూతపడుతుంది. అందుకే ఒక డబ్బాలో డెంగీ దోమల్ని నింపి, నింద ఆ పథకం మీదికి నెట్టాలని వాళ్ల ప్లాన్.

పది కావస్తుండగా సేనో నది ఒడ్డు వాడలో ఉన్నాడు. హెల్త్ వాలంటీర్ చొక్కా, గుండీలో కెమెరా. వ్యాన్‌లో నంబర్లేసిన పన్నెండు డబ్బాలు. పక్కనే ఎర్ర బాతిక్ గౌనులో, నల్ల కళ్లద్దాలతో అయుంద.

"ఇవాళ పనసకూరలో తీపి తగ్గింది," కోడ్ విసిరాడు.

"బెల్లం నా దగ్గరుంది అన్నా." గొంతు తగ్గించింది. "ఏడో డబ్బా మార్చేశారు. మార్చింది మన చీఫే."

"ఆయన నీ పేరు చెప్పాడు."

"మరి తన పేరు చెప్పుకుంటాడా?"

సేనో నమ్మలేదు. అబద్ధమాడటమే ఆమె ఉద్యోగం. అంతలో జీపు ఆగింది. ఎనిమిదేళ్లుగా ఆఫీసు కుర్చీ వదలని చీఫ్ దిగాడు.

"ఇంకా చూస్తావేం? బేడీలు వెయ్!" అంటూనే వ్యాన్‌లోంచి డబ్బా తీశాడు. "టైమైంది, నేను వదుల్తా."

పన్నెండింట్లో సరిగ్గా ఏడోది! సేనో ఆయన పక్కకి నడిచాడు.

"సార్, ల్యాబ్‌లో మనుషులే చెయ్యిపెట్టి వీటికి రక్తం పడతారట. ఒకసారి మీ చెయ్యి పెట్టండి."

"ఏం కూస్తున్నావ్?"

"మన దోమలేగా సార్. కుడతాయంతే."

మణికట్టు పట్టి డబ్బా పక్కనున్న వల తొడుగులోకి లాగాడు. హర్సోయో ముఖం పాలిపోయింది. "వద్దు! చచ్చిపోతాన్రా!" అని అరుస్తూ రెండో చేత్తో గడియ లాగేశాడు. మూత లేవబోయింది. అయుంద ఎగిరొచ్చి దాని మీద బోర్లా పడింది. సేనో చీఫ్ చెయ్యి వెనక్కి విరిచి, ఆమె కోసం తెచ్చిన బేడీలు ఆయనకే వేశాడు.

మిగతా పదకొండూ ల్యాబ్ పరీక్షించాకే, సాయంత్రం నాలుగింటికి తెరవనిచ్చాడు. ఒక దోమ తిన్నగా వచ్చి అతని చెంప మీద వాలింది. చెయ్యెత్తి, ఆగాడు.

"మనదేనా?"

"దీన్నైనా నమ్మండన్నా," అంది అయుంద. "డ్యూటీలో ఉంది."