హెల్మెట్ తీసిన చేతులు

"నీ గుర్రపు జీను ఇక్కడే ఆరేయాలా? ఎండబెట్టిన నా కుర్డయీ వడియాల మీద నీళ్ళోడుతోంది!"

పుణెలో ఆ మూడో అంతస్తు బాల్కనీలో వైజయంతి గొంతు పొద్దున్నే లేచింది.

"జీను కాదు ఆయీ, బైకు జాకెట్. లోపల మోచేతికి రక్షణగా ఉండే పలకలు తీసి ఉతికాను" అంది కూతురు మృణ్మయి.

"ఎముకలు తీసి ఉతికే బట్టలు మనింట్లోనే చూస్తున్నా!"

తండ్రి శ్రీరంగ్ పేపరు దించలేదు. "రేపు బండి కొనేవాడు వస్తాడు. బండి పోతే జీనూ పోతుంది. ఇంక చాలించండి."

మృణ్మయి జాకెట్‌ని పక్క తీగ మీదికి జరిపింది. ఆదివారం ఆమె బండి తీస్తే, తిరిగొచ్చేదాకా వైజయంతికి ముద్ద దిగదు. అమ్మేద్దామని పట్టుబట్టిందీ ఆవిడే.

ఆ మధ్యాహ్నం పౌడ్ అనే ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి బస్సు దొరక్క, వైజయంతి గొణుక్కుంటూనే హెల్మెట్ పెట్టుకుని కూతురి వెనక ఎక్కింది. మృణ్మయి తడి జాకెట్టే తొడుక్కుంది.

దారిలో ఓ మలుపులో కంకర మీద బండి జారి ఓ కుర్రవాడు వెల్లకిలా పడున్నాడు. ఒకాయన అతన్ని లేపి కూర్చోబెట్టబోతున్నాడు. ఒకావిడ ఉల్లిపాయ చితక్కొట్టి, అతని హెల్మెట్ అద్దం ఎత్తి ముక్కు దగ్గర పెడుతోంది.

"తల కదపొద్దు!" అంటూ మృణ్మయి పరిగెత్తింది.

"ఊపిరాడట్లేదు తాయీ, చూస్తూ కూర్చోమంటావా?" అన్నాడు లేపబోతున్నాయన.

నిజమే. హెల్మెట్ లోపల గురగుర. మృణ్మయి అతని తలవైపు మోకాళ్ళూని హెల్మెట్ కదలకుండా పట్టుకుంది.

"ఇది తీయాలి. ప్రథమ చికిత్స క్లాసులో నేర్పారు, ఒక్కదాని వల్ల కాదు. ఆయీ, రా."

"నాకేం తెలుసే?"

"చెప్పినట్టు చెయ్యి. పట్టీ విప్పు. ఒక చెయ్యి మెడ కింద, ఒకటి దవడకి. వదలకు."

మృణ్మయి లాగుతుంటే హెల్మెట్ కొద్దికొద్దిగా జరిగి బయటికొచ్చింది. తల బరువంతా వైజయంతి అరచేతుల్లోకి దిగింది. మృణ్మయి ఆ తలను తన చేతుల్లోకి తీసుకుని చుట్టూ చూసింది.

"దాదా, మీరు భుజం. కాకూ, ఉల్లిపాయ పడేసి నడుం పట్టుకోండి. దుంగని దొర్లించినట్టు అందరం ఒక్కసారే పక్కకి తిప్పాలి!"

అంతవరకు తలో మాట అరిచిన జనం ఒక్క మనిషిలా కదిలారు. నోట్లోని రక్తం కారిపోయింది. కుర్రవాడి ఛాతీ పైకి లేచింది. మళ్ళీ లేచింది.

అంబులెన్సువాళ్ళు వచ్చి అతని జాకెట్ కత్తిరించారు. పైన జాకెట్ తోలు అరిగి పీచులు తేలింది. లోపల చెయ్యి మాత్రం బాగా మెదిపిన చపాతీ పిండిలా నున్నగా ఉంది. మామూలు జీన్స్ వేసుకున్న తొడ మీద చర్మమే మిగల్లేదు. వైజయంతి రెంటినీ మార్చి మార్చి చూసి, కూతురి తడి జాకెట్ తడిమింది.

రాత్రి శనగపిండి పిఠ్లా, జొన్న భాకరీ రొట్టెలు వడ్డించి వైజయంతి కూడా కూర్చుంది.

"రేపొచ్చేవాడికి ఫోన్ చేసి వద్దనండి. బండి అమ్మట్లేదు."

శ్రీరంగ్ చేతిలో ముద్ద ఆగింది. "పొద్దున దాని జాకెట్‌ని జీనన్నావుగా?"

"అన్నాను. మన పిల్ల నేర్చుకున్న ఆ ప్రథమ చికిత్స క్లాసుకి వచ్చే ఆదివారం నేనూ వెళ్తున్నా. మీరూ రండి."

"ఈ వయసులో మనకెందుకే?"

"ఇవాళ ఇది చెబుతుంటే చేశాను." వైజయంతి కూతురి వైపు చెయ్యి చూపింది. "రోడ్డు మీద పడింది ఇదే అయితే, నాకు చెప్పేదెవరు?"

మృణ్మయి ఎడమచేత్తో తల్లి మణికట్టు పట్టుకుంది. శ్రీరంగ్ ఇద్దరినీ చూసి, "క్లాసు ఎన్నింటికి?" అన్నాడు.