పడుగు లేచాకే లారీ

"మా పడుగు మీదికెల్లి తోల్తవా ఏంది?"

యాదలక్ష్మి చేతిలో కుంచెతో లారీకి అడ్డంగా నిలబడింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా, మగ్గానికి ఎక్కించే వాళ్ల నూలు పడుగు చాచి ఉంది. గంజి ఆరకముందే పోగులన్నీ దువ్వాలి. సిద్దిపేట సాలెవాడలో పొద్దున పూట వీధి నేతగాళ్లది.

"తొక్కనులే. నువ్వు జర నవ్వితే లారీ కూడ సల్లబడ్తది" అన్నాడు ఇస్తారి, ఇంజన్ ఆపుతూ.

"నవ్వుడా? నీ పొగకు తెల్లనూలు నల్లగైతుంది!"

ఇస్తారి కూడా సాలె ఇంటి బిడ్డే. నాలుగేళ్ల కింద మగ్గం వదిలి, లారీ డ్రైవర్ బాబా మియా దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు అమ్మేసిన లారీని ఇద్దరూ కలిసి కొన్నారు. అది ఇస్తారి ఇంటి ఆవరణలోనే ఉంటోంది. ఇళ్ల మధ్య లారీ పెట్టాలంటే తహసీల్ కచేరీ అనుమతి కావాలన్నారు. సాలెవాడంతా ఒప్పుకుని వేలిముద్రలు వేసింది. పక్కింటి దుబ్బయ్య, అంటే యాదలక్ష్మి నాయిన, ఒక్కడే వద్దని అర్జీ పెట్టాడు. పెట్టించింది కూతురేనని ఇస్తారికి తెలుసు. అయినా ఆమె మీద కోపం రాదు. రెండేళ్లుగా ఆమె అంటే ప్రాణం, చెప్పడానికే నోరు పెగలదు.

నాలుగు రోజులకు కచేరీ నుంచి భూముల లెక్కలు చూసే గిర్దావర్ జాఫర్ సాబ్ విచారణకు వచ్చాడు. ఆవరణ కొలిపించి అరుగు మీద కూర్చున్నాడు.

"జాగ సరిపోతది. గని పక్కింటోల్లు వద్దంటున్నరు."

"పొద్దుగాల లారీ తిరిగితే మా పడుగు ఏడ సాపాలె సాబ్? మా కూడు గదే" అన్నాడు దుబ్బయ్య.

"మామ చెప్పింది నిజమే" అన్నాడు ఇస్తారి.

గిర్దావర్ ఆశ్చర్యపోయాడు. "మరి లారీ పెట్టనీకి ఇజాజత్ రాకుంటే ఏం చేస్తవ్?"

"హైదరాబాద్‌ల పెడ్త. బాబా మియా ఆడ జాగ సూసిండు. లారీ ఏడుంటే నేను గాడ్నే ఉండాలె కద."

పక్కనే తమ ఇంటి గుమ్మంలో నిలబడ్డ యాదలక్ష్మి ముఖం పాలిపోయింది.

"ఎప్పుడు పోతవ్?"

"ఎల్లుండి."

"గీ మాట ముందుగాల సెప్పద్దా?"

"సెప్తే ఏం జేస్తుంటివి?"

"అర్జీ ఇంకో తీరుగ రాయిస్తుంటి!" అనేసి నాలుక కరచుకుంది. గిర్దావర్ మీసాల చాటున నవ్వాడు. ఇక దాచి లాభం లేదని ఆమె అరుగు దగ్గరికి వచ్చింది. "సాబ్, పడుగు లేసేదాక లారీ కదలొద్దు. రోడ్డు దాక చేతుల్తోని నూకుకపోయి ఆడ్నే ఇంజన్ షురు చెయ్యాలె. గట్లయితే మాకు ఒప్పుదల."

"నూకుత. రోజు పడుగు సాపుడుకు చెయ్యి గూడ ఏస్త" అన్నాడు ఇస్తారి సంతోషంగా.

గిర్దావర్ రాస్తూ రాస్తూ కలం ఆపాడు. "గీ షరతు ఎవలు కాస్తరు?"

"నేనే."

"రేపు పెండ్లయి ఏ చేర్యాలకో తొగుటకో పోతవ్. అప్పుడు?"

ఇప్పుడు నోరు విప్పకపోతే జన్మలో విప్పలేనని ఇస్తారికి అనిపించింది.

"పిల్లను వేరే ఊరికియ్యకు మామా. నాకియ్యి."

దుబ్బయ్య గుడ్లురిమాడు. "మగ్గం ఇడ్సినోనికి పిల్లనెట్ల ఇయ్యాల్రా?"

"నాకు మగ్గం వచ్చు కద నాయినా" అంది యాదలక్ష్మి నేల చూస్తూ. "గోడకు అవతల కూసుండి నేస్త. షరతు గూడ ఆడికెల్లే సూసుకుంట."

దుబ్బయ్య కూతురి వైపు చూశాడు. తర్వాత ఇస్తారి వైపు. చివరికి గిర్దావర్ ముందు బొటనవేలు చాపాడు.

"ముద్ర ఏడెయ్యాల్నో సూపియ్యుండ్రి సాబ్."