ఖాళీలో ఎర్ర అట్ట

"ఆగరా! ఆగు!"

ఆగుతాడా వాడు!

మెట్లు... మెట్లు... మళ్ళీ మెట్లు.

రూలమ్మ మూడేసి మెట్లు దూకుతోంది. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. రెండోదాన్ని తనే విసిరికొట్టింది.

ముందు నల్ల రెయిన్‌కోటు. భుజాన సంచి. ఆ సంచి ఎలాగైనా దొరకాలి.

ధభాల్!

కింద వెనక తలుపు తన్నుకుని వాడు బయటపడ్డాడు. అలారం చెవులు చిల్లులు పడేలా మొదలైంది.

బయట వాన. చీకటి పడి ఎంతోసేపు కాలేదు, రోడ్డు నిండా ఇళ్ళకి పోయే జనం. బస్సు లైట్లు కళ్ళలో కొడుతున్నాయి. బ్రేకు కీచుమంటోంది. "చావాలనుందా!" అని ఎవరో తిడుతున్నారు.

తిట్టనీ!

ఆమె అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఏదడిగినా "రూలు ఒప్పుకోదండీ" అంటుంది కాబట్టి రూలమ్మ. మొదట్లో చాటుగా అనేవారు. ఇప్పుడు మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. ఎంక్వయిరీ కమిషన్ సాక్ష్యాల గదికి ఆమే ఇన్‌చార్జి. గది తలుపు నీడలో రెయిన్‌కోటుని చూసిందంతే, ఇంకేమీ ఆలోచించలేదు. వెంటపడింది.

ఎలా పడకుండా ఉంటుంది?

ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. పదిహేడు మంది పోయారు. ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకోవాల్సిన సేఫ్టీ వాల్వుని ఎవరో ఇనప తీగతో కట్టేశారు! కట్టింది నేనే అని ఆపరేటర్ ఒప్పుకున్నాడు. "పైనుంచి ఫోన్ చేసి కట్టమంటేనే కట్టానండీ" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

కంట్రోల్ రూమ్ ఫోన్లన్నీ ఒక హార్డ్ డిస్కులో రికార్డవుతాయి. ఉన్నది ఆ డిస్కు ఒక్కటే. కాపీ తియ్యకుండా కంపెనీ లాయర్లు స్టే తెచ్చారు. రేపు పొద్దున్న విచారణ హాల్లో, అందరి ముందూ, జడ్జిగారు దాన్ని వినిపించాలి.

అది పోయిందా... ఆపరేటర్ బతుకు పోయినట్టే!

సందు మలుపు. చెత్త డబ్బాలు. రూలమ్మ కాలు జారింది. మోకాలు చిట్లింది. లేచింది.

ఎదురుగా గోడ!

వాడు ఎగబాకుతున్నాడు. సంచి పట్టీ గోడ మీది కమ్మీకి చిక్కుకుంది. ఆమె రెండు చేతులా సంచి పట్టుకుంది.

"ఇవ్వరా!"

లాగుతున్నాడు. లాగుతోంది. వాడి పిడికిలి పైకి లేచింది. సరిగ్గా ఆమె మొహానికి ఎదురుగా!

ఆమె కళ్ళు మూసుకుంది.

దెబ్బ పడలేదు.

కళ్ళు తెరిచేసరికి వాడు గోడ అవతల. సంచి మాత్రం ఆమె చేతిలో.

దొరికింది! దేవుడా, దొరికింది!

జిప్పు లాగింది.

పాత పేపర్లు.

తిరగేసి దులిపింది. చిత్తు కాగితాలు. ఇంకేం లేవు!

అప్పుడర్థమైంది. వీడు దొంగ కాదు. తనని బయటికి లాక్కురావడానికి వచ్చినవాడు. వాడు లాగాడు, తను తోకూపుకుంటూ వెళ్ళింది!

వెనక్కి తిరిగి పరిగెత్తింది.

* * *

వెనక తలుపు బార్లా తెరిచే ఉంది. అలారం ఆగిపోయింది. వరండా ఆ చివర, ముందు గేటు దగ్గర, తుపాకీ పట్టుకుని సెంట్రీ నిలబడ్డాడు. మనిషికన్నా ముందు మీసాలు కనిపిస్తాయని ఆయన పేరే మీసాలు.

"మేడమ్! ఏమైంది మేడమ్?"

"గేటు మూశావా?"

"అలారం మోగగానే మూసేశా! ఈగని కూడా పోనివ్వలేదు!"

"అక్కడే ఉండు! కదలకు!"

మెట్లెక్కింది. పైన సాక్ష్యాల గది. లైటు వేసింది. ఇనప ర్యాకులు. వరసలో మూడోది. పై నుంచి రెండో అర.

డిస్కు ఉన్న బూడిద రంగు డబ్బా లేదు.

దాని చోట... ఎర్ర అట్ట నిలబెట్టి ఉంది!

రూలమ్మ దాని వంక చూస్తూ ఉండిపోయింది. 

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. అరలోంచి ఏ వస్తువు తీసినా ఖాళీ వదలకూడదు. తీసిన చోట వెంటనే ఎర్ర అట్ట పెట్టాలి. వస్తువు పోలేదు, ఎవరో తీశారు అని దానర్థం. ముందు అట్ట పెట్టి, ఆ తర్వాతే డబ్బా కదపాలి.

దొంగకి ఈ గోల ఎందుకు? చేతికందింది పట్టుకుని పారిపోతాడు. అట్ట వెతికి, నిలువుగా పెట్టి, అర అంచుకి సరిచేసి పోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా?

ఉంటాడు. చెయ్యి తనంతట తనే ఆ పని చేసేవాడైతే! చేసేది దొంగతనం అని బుర్రకి తెలుసు, చేతికి తెలీదు.

అలాంటి చేతులున్నవాళ్ళు ఈ బిల్డింగులో ఇద్దరే ఇద్దరు. ఒకరు తను.

రెండో మనిషి... ఆ పద్ధతి తనకి నేర్పినవాడు.

"కాదు," అంది పైకే. "ఛీ, కాదు!"

తనతో పాటు ఇదే గదిలో పనిచేసే బాబాయ్ జ్వరమని ఇవాళ సెలవు పెట్టాడు. మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. దగ్గుతూ మాట్లాడాడు. "ఇంటికి త్వరగా పో అమ్మలూ, వానొచ్చేలా ఉంది" అన్నాడు.

ఆమె మళ్ళీ కిందికి, వరండాలోకి వచ్చింది. 

"మీసాలూ... బాబాయ్‌గారు గానీ వచ్చారా?"

"వచ్చారుగా! మందుల చీటీ మర్చిపోయానన్నారు. ఇంకా బయటికి రాలేదు. మీ దగ్గరే ఉన్నారనుకున్నానే..."

ముందు గేటు మూసే ఉంది. వెనక తలుపులోంచి పోయాడా?

అప్పుడు వినిపించింది.

గుర్ర్ర్ర్...

బైండింగ్ గది! లావుపాటి ఫైళ్ళకి కన్నాలు వేసే డ్రిల్లు!

* * *

తలుపు తోసింది.

బాబాయ్ వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు. డిస్కు ఇనప బిగింపులో ఉంది. దాని పైన, వెంట్రుకవాసిలో, డ్రిల్లు మొన గిర్రున తిరుగుతోంది. కిందికి నొక్కాల్సిన పిడి మీద ఆయన చెయ్యి ఉంది. నొక్కడం లేదు.

రూలమ్మ గోడలోంచి ప్లగ్గు పీకేసింది.

"ఇంకాసేపు పరిగెడతావనుకున్నానమ్మలూ," అన్నాడాయన, తిరక్కుండానే. "నా వల్ల కావట్లేదు. ఇన్నేళ్ళు కాపాడి కాపాడి... చెయ్యి రావట్లేదే!"

"ఎవరి కోసం బాబాయ్?"

"ఇందులో గొంతు ఎవరిదో తెలుసా?"

"తెలీదు. మనకి తెలియకూడదు. మీరే కదా చెప్పారు!"

"దీన్ని తెచ్చిన రోజు పనిచేస్తోందో లేదోనని టెక్నీషియన్ కాస్త వినిపించాడు. నువ్వు బయట డబ్బాలకి నంబర్లు వేస్తున్నావు. నేను విన్నాను." ఆయన తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మన చంటోడు. 'వాల్వు కట్టెయ్, ఆర్డరు ఆగకూడదు' అంటున్నాడు. నా కొడుకు గొంతు నాకు తెలీదా?"

చంటోడు! బాబాయ్ ఒక్కగానొక్క కొడుకు. ఫ్యాక్టరీలో షిఫ్టు మేనేజరు. ఆ రోజు సెలవులో ఉన్నానని కమిషన్‌కి రాసిచ్చాడు. అందరూ నమ్మారు. తనూ నమ్మింది.

అంటే గోడ దగ్గర... లేచిన పిడికిలి... పడని దెబ్బ...

"వాడేనా? రెయిన్‌కోటు వాడేనా?"

బాబాయ్ తలూపాడు.

ఇంకో ప్రశ్న ఉంది. అడగాలంటే భయంగా ఉంది. అడిగింది.

"సాక్ష్యాల గది తలుపు... ఎవరి కార్డుతో తీశారు?"

ఆయన చూపు నేల మీదకి పోయింది.

"పోయిన నెల నేను కార్డు పారేసుకున్నాను," అంది రూలమ్మ నెమ్మదిగా. "రద్దు చేయిస్తాలే, నువ్వు కొత్తది తీసుకో అన్నారు. రద్దు చేయించలేదు కదూ? దొరికింది కూడా మీకే కదూ? ఇప్పుడు మెషీన్‌లో నా పేరు పడి ఉంటుంది కదూ?"

"అమ్మలూ..."

"చెప్పండి!"

"నీకు మొగుడా, పిల్లలా?" గబగబా అనేశాడు. "మహా అయితే రెండేళ్ళు, మూడేళ్ళు. వచ్చేస్తావు, నేనున్నాను నీకు. వాడికి ఇద్దరు ఆడపిల్లలే!"

రూలమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది.

నాన్న పోయినప్పుడు భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకున్నది ఈయనే. చంటోడికొక ముద్ద, తనకొక ముద్ద కలిపి పెట్టింది ఈ చేత్తోనే. కూతురులాంటిదండీ అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అవును, లాంటిదే. కూతురు కాదు. ఆ తేడా ఎంతో ఇన్నేళ్ళకి ఇవాళ తెలిసింది.

"కనీసం అడగాల్సింది బాబాయ్," అంది. ఏడుపు తన్నుకొస్తోంది. "వాడి కోసం జైలుకి పోవే అని అడిగినా ఇంత బాధ ఉండేది కాదు. నమ్మించి గొంతు కోశారు!"

బిగింపు వదులు చేసింది. డిస్కు చేతిలోకి తీసుకుంది.

"అక్కా! అది ఇటిచ్చెయ్!"

గుమ్మంలో చంటోడు. నల్ల రెయిన్‌కోటు నీళ్ళోడుతోంది. తండ్రి ఎంతకీ బయటికి రాకపోయేసరికి, తెరిచి ఉన్న వెనక తలుపులోంచి వచ్చేశాడు. చేతిలో పిస్తోలు!

"బాగుందిరా," అంది రూలమ్మ. "ఇదొక్కటే తక్కువైంది."

"అక్కా, ప్లీజ్! నేను చంపాలని చెప్పలేదక్కా! ఆర్డరు లేటవుతోందని పైవాళ్ళు పీక్కుతింటుంటే..."

"నువ్వు కట్టమంటే కట్టినవాడు లోపలున్నాడు చంటీ. వాడి పెళ్ళాం రోజూ విచారణకి వచ్చి చివరి బెంచీలో కూర్చుంటోంది. నువ్వు చూడలేదు. నేను చూస్తున్నాను."

"తెలుసక్కా! నాకూ నిద్ర పట్టట్లేదు!"

 పిస్తోలు కొంచెం కిందికి దిగింది. ఇంకొంచెం దిగింది.

"ఇలా రారా," అంది ఆమె. "రేపు నువ్వే చెప్పు. నేను పక్కనే నిలబడతాను."

వాడి పెదాలు కదిలాయి. ఒప్పుకుంటున్నాడు... ఒప్పుకుంటున్నాడు!

అప్పుడు వెనకనుంచి గొంతు. చాలా మామూలు గొంతు.

"కాల్చెయ్ రా."

చంటోడు బిత్తరపోయాడు. "నాన్నా!"

"అది మాట వినే రకం కాదు. పెంచినవాణ్ణి, నాకు తెలీదా? కాల్చెయ్!"

రూలమ్మ తిరిగి చూసింది. బాబాయ్ ఆమె కళ్ళలోకి చూడడం లేదు.

పిస్తోలు మళ్ళీ లేచింది.

ఢాం!

కెవ్వుమన్న కేక!

తనదనుకుంది. కాదు. చంటోడు కింద పడి భుజం పట్టుకుని గిలగిల్లాడుతున్నాడు. గుమ్మం అవతల మీసాలు. తుపాకీలోంచి పొగ.

"నేల మీద తడి అడుగులు చూసి వచ్చా మేడమ్... మీ మీదకి పిస్తోలు ఎత్తుతుంటే..." 

"ఎవర్ని కాల్చావురా వెధవా!" బాబాయ్ కొడుకు మీద పడి గొల్లుమన్నాడు. తలెత్తాడు. వేలు రూలమ్మ వైపు చాచాడు. "దొంగ అది! డిస్కు దాని చేతిలోనే ఉంది, కనబడట్లేదా? నా కొడుకు దాన్ని ఆపడానికొచ్చాడు! తలుపు తెరుచుకుంది దాని కార్డుతో! పోయి మెషీన్‌లో చూస్కో!"

మీసాలు డిస్కు వంక చూశాడు. పెద్దాయన వంక చూశాడు. నమ్మబుద్ధి కావడం లేదు, నమ్మకుండా ఉండబుద్ధీ కావడం లేదు. తుపాకీ మెల్లగా రూలమ్మ వైపు తిరిగింది.

"మేడమ్... అది కింద పెట్టండి."

ఆమె తనది తప్పు కాదని ఒక్క మాట కూడా చెప్పలేదు.

"నీ పక్కన బల్ల మీద సీలు సంచులున్నాయి. ఒకటి ఇవ్వు," అంది.

"ఏంటి?"

"తుపాకీ నా మీదే ఉంచు, పర్లేదు. నీ కళ్ళెదురుగా దీన్ని సీల్ చేస్తాను. సంతకం నువ్వే పెట్టు. పోలీసులకి నువ్వే ఇవ్వు. ఆ తర్వాత నాకు బేడీలు వేయించు. రేపు హాల్లో వినిపిస్తారు. అందాకా నేనేమీ చెప్పను."

మీసాలు చెయ్యి బల్ల మీదకి పోయింది.

"వద్దు!" బాబాయ్ గావుకేక పెట్టాడు. "ఇవ్వకు! దాన్ని సీల్ చెయ్యనివ్వకు! పగలగొట్టు! పగలగొట్టెయ్ దాన్ని!"

మీసాలు చటుక్కున అటు తిరిగాడు.

దొంగని పట్టుకోమన్న మనిషి సొత్తు పగలగొట్టమంటున్నాడు!

మీసాలు సంచి తీసి ఆమె ముందు పెట్టాడు. తుపాకీ అక్కడ్నించి కదిలి, పెద్దాయన గుండెకి ఎదురుగా ఆగింది.

"మీరలా గోడ దగ్గరికి జరగండి సార్," అన్నాడు.

"అమ్మలూ..." అన్నాడు బాబాయ్. "అమ్మలూ, నా మొహం చూడవే!"

రూలమ్మ సంచి మూతి మడుస్తోంది. తలెత్తితే ఏడ్చేస్తుంది. ఎత్తలేదు.