ఫొటోలో నవ్వకూడదు

శుక్రవారం పొద్దున డాండెనాంగ్ వాగులో శవమై తేలిన యాసిన్, అదే రోజు మధ్యాహ్నం మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కాడు.

ఆ మాట చెప్పి నిఘా విభాగం ఆపరేషన్స్ చీఫ్ హాలిస్ ఫైలు మూసింది. ఎదురుగా ఏజెంట్ ఖంబర్ అలీ కూర్చున్నాడు. యాసిన్ లాగే అతనూ అఫ్ఘాన్ మూలాలున్న హజారా తెగవాడు, అతనూ శరణు కోరి పడవెక్కి వచ్చినవాడే.

"శవం విమానం ఎలా ఎక్కింది మేడమ్?"

"దాని ట్రావెల్ డాక్యుమెంట్ ఎక్కింది. పేరు యాసిన్‌ది, మొహం ఇంకొకడిది. వాడు దిగిన ఊళ్ళో రెండు రోజులకే ఒక సాక్షి హత్య జరిగింది."

ఖంబర్‌కి సంగతి అర్థమైంది. సొంత దేశం తరిమేసిన శరణార్థికి పాస్‌పోర్టు ఎవరిస్తారు? ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆ సన్నటి పుస్తకమే వాడికి దిక్కు. సాక్షుల్ని చంపించే విదేశీ ముఠా కన్ను దానిమీదే పడింది. ఒంటరి మగాళ్ళు దరఖాస్తు పెడితే, దారిలో ఎక్కడో వాళ్ళ ఫొటో మారుతోంది. పుస్తకం చేతికొచ్చిన రోజున అసలువాడి అడ్డు తొలగిస్తున్నారు.

ఇప్పుడు వరసలో ఉన్నది నౌరోజ్. మాంసం ఫ్యాక్టరీలో పని, నా అన్నవాళ్ళెవరూ ఈ గడ్డమీద లేరు. యాసిన్, నౌరోజ్ ఇద్దరూ ఫొటో దిగింది ఒక్కచోటే, షిరీన్ స్టూడియోలో. షిరీన్ మాత్రం తమ మనిషేననీ, రెండేళ్ళుగా ఆఫీసుకి రహస్యాలు చేరవేస్తోందనీ, ప్రమాదం వస్తే పక్క బేకరీకి ఫోన్ చేసి నల్లజీలకర్ర రొట్టె అడుగుతుందనీ హాలిస్ చెప్పింది.

ఆరోజునుంచి మూడు వారాలుగా ఖంబర్ ఆ బేకరీలో రొట్టెలు కాలుస్తున్నాడు. మారువేషం అంటే గడ్డం మీద పిండి, ఏప్రన్ గుండీలో అలారం, అంతే.

షిరీన్ అందగత్తె. మాటలో తేనె, నడకలో దర్జా. కాబూల్ నుంచి వచ్చానంటుంది. ఫారాలు ఉచితంగా నింపుతుంది, ఫొటో వెనక సంతకం పెట్టే జామీనుదారుని కూడా తనే చూపెడుతుంది. పదిమంది ఒకే ఇంట్లో ఉండే కుర్రాళ్ళకి ఉత్తరాలు పోతుంటాయి కాబట్టి, పోస్టు కూడా స్టూడియో అడ్రసుకే వస్తుంది. ఇంత మంచితనం ఒకచోట పోగుపడితే అనుమానించాలి. అందం ఎదురుగా ఉంటే ఏ ఏజెంటుకి ఆ సంగతి గుర్తుంటుంది?

నౌరోజ్ రోజూ రొట్టెకి వచ్చేవాడు, ఖంబర్‌ని లాలా, అంటే అన్నా, అని పిలిచేవాడు. పాకిస్తాన్‌లోని క్వెట్టాలో అతని తల్లికి చూపు పోతోంది.

"పూర్తిగా చీకటయ్యేలోపు ఒక్కసారి నా మొహం చూడాలంట లాలా," అన్నాడొకరోజు. "పదకొండేళ్ళయింది. ఎలా ఉన్నానో మర్చిపోయిందంట."

ఫొటో తీసేటప్పుడు నవ్వొద్దని షిరీన్ హెచ్చరించిందట. నవ్వడమే మర్చిపోయిన అతనికి ఆ హెచ్చరికతో పనే లేదు.

మంగళవారం పదకొండింటికి షిరీన్ ఫోన్ చేసి మామూలు రొట్టెలు నాలుగు పంపమంది. నల్లజీలకర్ర ఊసెత్తలేదు, అంటే ప్రమాదమేమీ లేదనే. ఖంబర్ నిబ్బరంగా వెళ్ళాడు.

స్టూడియోలో బల్లమీద ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు, ఇంకా విప్పలేదు. ఎదురుగా కూర్చున్న నౌరోజ్ కళ్ళు దానిమీదే ఉన్నాయి.

"ముందు టీ తాగు నౌరోజ్ జాన్," అంది షిరీన్. "శుభవార్త ఎక్కడికీ పారిపోదు."

నౌరోజ్ గ్లాసు అందుకున్నాడు. అందులో చెంచా ఉంది.

ఖంబర్ చూపు ఆ చెంచా దగ్గర ఆగిపోయింది. హజారా ఇళ్ళలో టీలో చక్కెర కలపరు. చక్కెర ముక్క దవడన పెట్టుకుని, దానిమీదుగా వేడి టీ జుర్రుతారు. చెంచాతో పనే ఉండదు. నౌరోజ్‌కీ అది వింతగానే ఉండి ఉంటుంది, కానీ ఆతిథ్యమిచ్చినవాళ్ళు ఏది పోస్తే అది తాగడం మర్యాద. షిరీన్ గ్లాసులో చెంచా లేదు. అతనొక్కడి టీలోనే అంత చక్కెర ఏ చేదుని దాచడానికి?

గ్లాసు పెదవికి తగిలింది.

ఖంబర్ నాలుగు రొట్టెలూ కలిపి విసిరాడు. గ్లాసు ఎగిరి గోడకి తగిలి పగిలింది. తెర వెనకనుంచి పిస్తోలుతో ఒకడు బయటికొచ్చాడు. అదే ముక్కు, అవే చెంపలు. తనలాంటి మొహమే తనకి గురిపెట్టడం చూసి నౌరోజ్ కొయ్యబారిపోయాడు. ఖంబర్ బల్లని వాడి మోకాళ్ళమీదికి తోసి గుండీ నొక్కాడు. గుండు పైకప్పులోకి పోయింది. మరునిమిషంలో గదినిండా పోలీసులు.

బేడీలు పడ్డాక కూడా షిరీన్ గొంతు వణకలేదు. "ఒంటరివాళ్ళు. పోతే వెతికేదెవరు?"

"రొట్టెలవాడు," అన్నాడు ఖంబర్.

కవరు తెరిచారు. నౌరోజ్ పేరు, పిస్తోలువాడి మొహం. మూడింటి విమానానికి టికెట్టు వాడి జేబులోనే దొరికింది. అవతలి ఊళ్ళో ఇంకో సాక్షి ఆరోజుకి బతికిపోయాడు.

నౌరోజ్‌ని మాత్రం భయం వదల్లేదు. "మళ్ళీ మొదటినుంచా లాలా? అమ్మ కళ్ళు ఆగుతాయా?"

ఈసారి ఫొటో ఖంబరే తీశాడు. సరిగ్గా కెమెరా నొక్కబోయేముందు నౌరోజ్ ఫోన్ మోగింది. క్వెట్టానుంచి తల్లి. ఇంకా కాస్త కనబడుతోందనీ, తొందరగా రమ్మనీ అంది.

హాలిస్ స్వయంగా చెప్పి ఆ ఫైలుని ముందుకు తోయించింది. అయినా పదోరోజున దరఖాస్తు తిరిగొచ్చింది, ఒకే ఒక్క అభ్యంతరంతో: ఫొటోలో దరఖాస్తుదారు నవ్వుతున్నాడు.