రైల్వేగేటు ఇంట్లో మూలుగు

మిర్యాలగూడలో రైల్వేగేటు దాటాక, మిల్లుల వెనక ఒక ఖాళీ ఇల్లుంది. రాత్రుళ్లు లోపలి నుంచి మనిషి మూలుగు వినిపిస్తుందని దానికి చెడ్డపేరు. లారీవాళ్లు కూడా అక్కడ బండి ఆపరు. ఫ్రిజ్ మెకానిక్ పాండు మాత్రం ఒక రాత్రి వెళ్లాల్సి వచ్చింది. అతను చెప్పిందే ఇది.

మిల్లులో బస్తాలు మోసే సురేందర్ ఆ మధ్యాహ్నం కుప్పకూలాడు. ఆర్‌ఎంపీ డాక్టరు నాడి చూసి, ప్రాణం పోయిందని పెదవి విరిచాడు. అద్దె ఇంటికి తెస్తే, ఇంటి ఓనర్ రామలింగయ్య గేటుకు అడ్డం నిలబడ్డాడు.

“కిరాయి ఇంట్ల పీనుగును పెట్టనిస్తరా ఎవరన్న? రేపు నా ఇంట్లకు ఎవరొస్తరు?”

కిరాయిదారుల శవాలన్నీ చేరే చోటికే సురేందరూ చేరాడు — ఆ ఖాళీ ఇంటికి, అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టెలో. కూతురు దీవెన సూరత్ నుంచి రైల్లో వస్తోంది. ఆమె చేరేదాకా తండ్రి ముఖం చెడకూడదు. భార్య కృపారాణికి ఇక మిగిలింది ఆ ఒక్క ఆశే.

చీకటి పడగానే గాలివాన. కరెంటు పోయింది. ఇన్వర్టర్ పెడితే పెట్టె కాసేపు మూలిగి... ఆగిపోయేది. మళ్లీ మూలుగు... మళ్లీ ఆగిపోవడం.

పాండు వచ్చేసరికి ఆమె పెట్టెను పట్టుకుని కూర్చుంది.

“తమ్మీ, చల్లదనం పోతున్నది... జర సూడు. బిడ్డకు మొకమన్న దక్కాలె.”

పాండు కంప్రెసర్‌కు చెవి ఆనించి విన్నాడు. నవ్వొచ్చింది.

“అక్కా, గీ ఇంటి దెయ్యం దొరికింది! ఎవరు సచ్చినా గీ పెట్టెనే తెస్తరు గదా... మూలిగేది గిదే. లోపల తిరిగే రోలర్‌కు ఎవడో చిక్కటి నూనె పోసిండు. గిర్రున తిరగాల్సింది, బురదల ఎద్దు లెక్క ఈడుస్తున్నది. ఆ ఈడ్పుకే కరెంటంత తింటున్నది. ఇన్వర్టర్ ఏడ మోస్తది?”

గ్యాస్ వదిలి కంప్రెసర్ విప్పాడు. పాత నూనె ఒంపేసి పల్చటి నూనె పోశాడు. గొట్టాలను టాకా వేసి అతికి, గ్యాస్ నింపి, స్విచ్ వేశాడు.

చప్పుడు లేదు. వేలు ఆనిస్తే సన్నటి వణుకు... అంతే. ఇన్వర్టర్ ఆగలేదు. పెట్టె చల్లబడసాగింది.

“ఇగ బిడ్డ వచ్చేదాక ఢోకా లేదక్కా.”

కృపారాణి చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. అప్పటిదాకా రేకుల మీద హోరెత్తిన వాన ఆగిపోయింది.

నిశ్శబ్దం.

అప్పుడు... మూలుగు.

పాండు గబుక్కున కంప్రెసర్ మీద చెయ్యి పెట్టాడు. నున్నగా తిరుగుతోంది.

మళ్లీ మూలుగు... ఈసారి పెట్టె అద్దం మూత కింది నుంచి.

ఇంతసేపూ చల్లదనం కోసం కాళ్లావేళ్లా పడ్డ కృపారాణి, తన చేత్తోనే వైరు పీకేసింది.

“తమ్మీ... మూత ఎత్తు. ఆయనకు చలి పెడుతున్నది.”