నాలుగో సిస్టం అడిగిన పేరు

ఇందుకూరుపేట దాటి మైపాడు దిక్కు పోతావుంటే, రొయ్యల గుంటల మధ్యలో పాత తుపాను షెల్టరు ఒకటి కనిపిస్తుంది. దీపాలు పెట్టే వేళ దాటిందంటే దాని మేడమీది గది వైపు ఎవరూ తల తిప్పి చూడరు.

ఆ గదిలో లైటు కాలిపోయి రెండేళ్లయింది. అయినా కొన్ని రోజులు కిటికీలో నీలం వెలుగు వస్తుంది. చెవి పెట్టి వింటే చప్పుడు కూడా... టక్... చాలాసేపటికి మళ్లీ ఒక టక్... ఎవరో ఒంటి వేలితో వెతుక్కుంటా నొక్కుతున్నట్టు.

అది సంజీవరావు సారే అంటాడు గుంటల కాపలా పెంచలయ్య. ఒకప్పుడు కాలేజీవాళ్ల కంప్యూటరు ల్యాబు ఆ గదిలోనే ఉండేది. పాఠం చెప్పేది ఆ సారే. ఒక శుక్రవారం సాయంత్రం, పిల్లలంతా పోయినాక, నాలుగో సిస్టం ముందు బల్ల మీద తల వాల్చినాడు. మళ్లీ ఎత్తలేదు.

తరవాత రోడ్డు పక్కన కొత్త బిల్డింగు కట్టి ల్యాబు అక్కడికి మార్చినారు. నాలుగో సిస్టం మాత్రం తేలేదు. తెమ్మంటే ఎవరు తెస్తారు?

ముత్తుకూరు నుంచి ప్రత్యూష అనే అమ్మాయి ఆ కాలేజీలో ల్యాబు పని చూసుకోను చేరింది. ఆమెకి ఈ కథలేవీ తెలియవు. చేరి ఆరు నెలలు, కాంట్రాక్టు ఉద్యోగం. మార్చిలో ప్రాక్టికల్సు వచ్చినాయి. అంతకు వారం ముందే పదహారు కొత్త కంప్యూటర్లు దిగినాయి.

కంప్యూటర్లు కొత్తవే గానీ పాఠం పాతది. ప్రోగ్రాములు నీలం తెర మీద రాసే పాత సాఫ్ట్‌వేరులోనే పిల్లలు పరీక్ష రాయాలి. దాన్ని కొత్త వాటిలో ఎక్కించబోతే ఒక్కటీ ఒప్పుకోలేదు. ఇది ఈ కంప్యూటరులో నడవదు... ఇది ఈ కంప్యూటరులో నడవదు... పదహారూ అదే మాట. నెట్టులో ఏదైనా దారి వెతుకుదామంటే పొద్దుటి గాలికి కేబులు తెగి ఉంది, ఫోనులో నెట్టు అందదు.

పరీక్ష తెల్లారి తొమ్మిదికి. ప్రిన్సిపాలు హజరత్తయ్య గారు ఫోనులోనే చెప్పేసినారు. పరీక్ష పెట్టే బయటి కాలేజీ మేడమ్ వచ్చేసరికి సిస్టంలు రెడీగా లేకపోతే సెంటరు తీసేస్తారు, ఇరవైరెండు మంది పిల్లలకి సంవత్సరం పోతుంది, సోమవారం నుంచి ఆమె కూడా రానక్కరలేదు. ఫోను పెట్టేసే ముందు ఒక్క మాట అన్నారు. సంజీవరావు ఎట్నో కొత్త వాటిలో కూడా నడిపించేవాడమ్మా, అది ఆ పాత గదిలోనే ఉండాలి అని.

తాళంచెవి ఆయా ధనలక్ష్మి దగ్గర ఉంటుంది. నలభై అయిదేళ్ల మనిషి. నలుగురిలో నోరు విప్పదు, ఏదైనా అడిగితే కాలి వేళ్ల వైపు చూస్తా చెబుతుంది. గది తియ్యమనేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

"రేపు పొద్దున్నే పోదాం మేడమ్. ఇప్పుడొద్దు."

"రేపటికి ఇంకేం మిగల్దక్కా."

ధనలక్ష్మి చీర కొంగులో తాళంచెవి నలుపుకుంటా వెనకే నడిచింది.

మెట్లెక్కేసరికి బాగా చీకటి పడింది. ఉప్పుగాలికి తలుపు ఇనుమంతా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. కానీ తాళం... చెవి పెట్టగానే నూనె పోసినట్టు తిరిగింది.

ప్రత్యూష ఫోను లైటు వేసి చూసింది. గదంతా వేలు మందాన దుమ్ము. నాలుగో సిస్టం ముందున్న కుర్చీ మీద మాత్రం దుమ్ము లేదు. శుభ్రంగా... ఇప్పుడే ఎవరో లేచిపోయినట్టు.

వెనక్కి చూసింది. ధనలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయి ఉంది.

స్విచ్చి వేస్తే సిస్టం వెలిగింది. సాఫ్ట్‌వేరు తెరిస్తే అదే నీలం తెర! గోడలన్నీ నీలమైపోయినాయి. సారు ఆఖర్న రాసిన ప్రోగ్రాము దానంతటదే తెర మీదికి వచ్చింది. నడుస్తుందో లేదో చూద్దామని ప్రత్యూష రన్ నొక్కింది.

తెర నల్లబడింది. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే పడింది.

ఎవురు నువ్వు?

ప్రత్యూష మెల్లగా తన పేరు కొట్టింది.

నువ్వు కాదు.

మళ్లీ కొట్టింది.

నువ్వు కాదు.

మూసేద్దామని మౌసు కదిపితే బాణం గుర్తు లేదు. ఎటు జరిపినా రాదు. ఏది నొక్కినా ఆ తెర వదలదు... నువ్వు కాదు, నువ్వు కాదు... అప్పుడు, చెవి వెనకాల్నే, గుసగుసగా—

"కంట్రోలు పట్టుకుని ఎఫ్ పది నొక్కమ్మా. బాణం వస్తుంది."

ప్రత్యూష ఎగిరిపడింది. తిరిగి చూస్తే ధనలక్ష్మి.

చెప్పినట్టే నొక్కింది. బాణం వచ్చింది.

"నీకెట్లా తెలుసక్కా?"

ధనలక్ష్మి కాలి వేళ్ల వైపు చూసింది. అట్లా చూస్తానే చెప్పుకొచ్చింది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి తను. సాయంత్రం చిమ్మడానికి వస్తే సారే కుర్చీ జరిపి, రా అక్కా కూచో, నీ పేరు నువ్వే కొట్టు అనేవాడంట. తన కోసమే ఆ ప్రోగ్రాము రాసినాడంట. పేరు కొడితే తెర మీద 'రా అక్కా, కూచో' అని పడుతుంది. సారు పోయినాక కూడా ఆ మాట చూసుకోవాలనిపించి... చిమ్మే పని అయిపోయినాక అప్పుడప్పుడూ...

"అయితే ఆ వెలుగు నువ్వేనా? ఆ చప్పుడు?"

"ఎవురికీ చెప్పబాక మేడమ్. చీపురు పట్టుకునేదానికి కంప్యూటరేందని నవ్వుతారు."

ప్రత్యూషకి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చినాయి. కానీ నిలబడే టైము లేదు. ఉన్నదంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని ఇద్దరూ కొత్త ల్యాబుకి పరిగెత్తినారు.

మొదటి దాంట్లో వేస్తే మళ్లీ అదే మొండితనం. ప్రత్యూష తల పట్టుకుంది. పక్కన ధనలక్ష్మి, తను నేల మీద తడిగుడ్డ పెడుతున్నప్పుడు సారు పిల్లలకి చెప్పిందంతా తలుచుకుంటా, ఒక్కొక్కటే చెప్పింది. కొత్త మిషను పాత దాన్ని గుర్తుపట్టదు, అందుకని దాని లోపల ముందు ఒక పాత గది కట్టాలి, ఆ గదికి దారి చూపించాలి.

"మౌంటు. ఖాళీ. సీ. ఖాళీ. మళ్లీ సీ, రెండు చుక్కలు..."

ప్రత్యూష ఖాళీలు వదలకుండా కలిపి కొడుతోంది. అక్కడే తప్పు. ఖాళీ వదిలి కొట్టేసరికి నీలం తెర వచ్చి నిలబడింది. ఒకటి... రెండు... రాత్రి తొమ్మిది గంటలు కొట్టేసరికి పదహారూ అయిపోయినాయి.

ల్యాబంతా నీలంగా ఉంది. సారు ఫోల్డరు మొత్తం వచ్చింది గనక ఆ ప్రోగ్రాము కూడా వెంట వచ్చింది. పొద్దున పిల్లలు జడుసుకుంటారని పదిహేనింటిలో తీసేసి, ఆఖరి దాని దగ్గర ప్రత్యూష ఆగింది. తనే ధనలక్ష్మి పేరు కొట్టింది.

నువ్వు కాదు.

"అట్ట కాదమ్మా. డీ పక్కన హెచ్చి ఉండదు. నేను తప్పుగానే నేర్చుకున్నా. సారు దిద్దలేదు, ఈ ప్రోగ్రాముకీ అట్టనే నేర్పినాడు."

చెయ్యి కొంగుకి తుడుచుకుని, ధనలక్ష్మి ఒంటి వేలితో మొదలుపెట్టింది. టక్... టక్... పదకొండు అక్షరాలు. కొట్టి, సిగ్గుగా నవ్వుతా తెర వైపు చూసింది.

ఆ నవ్వు అట్లాగే ఆగిపోయింది.

చాలు అక్కా. ఇంక ఇంటికి పో.

"ఇది... సారు రాసింది కాదు మేడమ్," అంది. "ఎప్పుడూ కూచోమనేదే."

ప్రత్యూష ప్రోగ్రాము తెరిచి మొదటి వరస నుంచి ఆఖరి దాకా చదివింది. రెండోసారి చదివింది. 'రా అక్కా, కూచో' ఉంది. 'నువ్వు కాదు' ఉంది.

పొమ్మన్న మాట అందులో ఎక్కడా లేదు.